నిబంధన బడిది, ఖర్చు ఎవరిది?

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పనిచేసే ఎవరినైనా అడిగి చూడండి. జూన్ రెండో వారంలో బడి తెరిచింది మొదలు దసరా సెలవుల దాకా స్టాఫ్ రూములో జరిగే వాదనల్లో సగం రెండు విషయాల చుట్టూనే తిరుగుతాయి. ఒకటి యూనిఫాం, రెండోది సెల్‌ఫోను. యూనిఫాం లేకుండా వచ్చిన పిల్లవాణ్ణి ప్రార్థనలో పక్కకు నిలబెట్టాలా వద్దా, సంచిలో ఫోను దొరికితే దాన్ని ఎన్ని రోజులు బీరువాలో ఉంచాలి, ఎవరు వచ్చి అడిగితే తిరిగి ఇవ్వాలి అనే ప్రశ్నల మీద పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) ఒక మాట అంటారు, హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుడు) ఇంకొక మాట అంటారు, చివరికి ఎవరి తరగతిలో వారికి తోచినట్టు జరుగుతుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోని ఒక హైస్కూల్లో చాలా ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను ఈ వాదనల్లో ఎప్పుడూ ఏదో ఒక పక్షాన కూర్చుంటూనే ఉన్నాను కనుక, నా పక్షం ఏమిటో ఒకసారి పద్ధతిగా రాయాలనిపించింది.

నేను ఈ రెండు నిబంధనలకూ వ్యతిరేకిని కాను. యూనిఫాం ఉండాలి, తరగతి గదిలో ఫోను ఉండకూడదు అనేవారిలోనే నేనూ ఉన్నాను. నా తగవు మరొక చోట ఉంది. బడి ఏ నిబంధన పెట్టినా దాన్ని పాటించడానికి ఎవరో ఒకరు డబ్బో, సమయమో, ధైర్యమో ఖర్చు పెట్టాలి. ప్రభుత్వ హైస్కూల్లో ఆ ఖర్చు పెట్టుకోగలిగిన స్తోమత అందరికంటే తక్కువగా ఉన్నది విద్యార్థికే. అందువల్ల నిబంధన పెట్టినవారు, అంటే ప్రభుత్వం, విద్యాశాఖ, ప్రధానోపాధ్యాయుడు, మాబోటి ఉపాధ్యాయులు, ముందుగా తమ వంతు ఖర్చు భరించాలని, అది భరించేవరకూ పిల్లలను శిక్షించే హక్కు తమకు లేదని ఒప్పుకోవాలని నేను అంటున్నాను. వినడానికి ఇది చాలా మామూలు మాట. ఆచరణలో మాత్రం దాదాపు అన్ని చోట్లా దీనికి తలకిందులుగానే నడుస్తోంది.

యూనిఫాం వల్ల మేలు ఏమిటో తెలియాలంటే పిల్లల పుట్టినరోజులు గమనించాలి. ఆ ఒక్క రోజు 'సివిల్ డ్రెస్'కు అనుమతి ఉంటుంది. కొత్త బట్టలు వేసుకుని, అన్ని తరగతులూ తిరిగి చాక్లెట్లు పంచి, సాయంత్రం దాకా ఆ హోదాలోనే ఉండే పిల్లలు కొందరైతే, పుట్టినరోజున కూడా యూనిఫాంలోనే వచ్చి, హాజరు పట్టీలో తేదీ చూసి నేను పలకరిస్తే 'మా ఇంట్లో చేయరు సార్' అని తలదించుకునేవారు మరికొందరు. ఏడాదిలో ఏ రోజు ఎవరిదైనా పుట్టినరోజు అవుతుంది కాబట్టి ఈ తేడా చిన్న మోతాదులోనే కనిపిస్తుంది. యూనిఫాం లేని బడిలో అది ప్రతి రోజూ, ప్రతి బెంచీలోనూ కనిపిస్తుంది. పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో తన చొక్కాను పక్కవాడి చొక్కాతో పోల్చుకోవడం తప్ప మరో పని లేనట్టు ఉండే పిల్లల మధ్య ఈ ఒక్క గొడవ లేకుండా చేసినందుకు నేను యూనిఫాంను సమర్థిస్తాను. క్రమశిక్షణ, ఐకమత్యం వంటి పెద్ద మాటలు దీనికి అక్కర్లేదు.

అయితే ఆ మేలు జరగాలంటే బట్ట పిల్లవాడి ఒంటి మీదకు చేరాలి. కేంద్ర ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద ఎనిమిదో తరగతి వరకు బాలికలందరికీ, ఎస్సీ, ఎస్టీ బాలురకూ, దారిద్య్రరేఖకు దిగువన ఉన్న కుటుంబాల బాలురకూ ఏడాదికి 600 రూపాయలకు మించకుండా రెండు జతలు ఇవ్వాలనేది లెక్క. సరిగ్గా తొమ్మిదో తరగతిలో, ఒళ్ళు ఒక్కసారిగా పెరిగి పాత నిక్కర్లూ ప్యాంట్లూ పనికిరాకుండా పోయే సమయానికి, ఆ సాయం ఆగిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 అక్టోబరు 8న కృష్ణా జిల్లా పునాదిపాడులో మొదలుపెట్టిన జగనన్న విద్యా కానుక ఈ లోటును పూడ్చింది. ఒకటి నుంచి పదో తరగతి వరకు ప్రభుత్వ బడుల పిల్లలందరికీ మూడు జతల యూనిఫాం బట్ట, బూట్లు, సాక్సులు, బెల్టు, సంచి, పుస్తకాలు ఒకే కిట్టుగా వచ్చాయి. ప్రభుత్వం మారిన తర్వాత 2025లో అదే పని సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర పేరుతో కొనసాగింది. పేర్ల సంగతి రాజకీయాలకు వదిలేస్తే, మూడు జతలు పదో తరగతి దాకా ఇవ్వడమనేది పేద ఇంటికి ఎంత పెద్ద విషయమో ఒకే జతతో చదువుకున్న నా తరం వారికి తెలుసు. రాత్రి ఉతికి, దండెం మీద ఆరీఆరని చొక్కాను వానాకాలపు పొద్దున మళ్ళీ వేసుకుని వచ్చే పని ఇప్పటి పిల్లలకు చాలావరకు తప్పింది.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. కిట్టులో వచ్చేది కుట్టిన బట్టలు కావు, బట్ట మాత్రమే. కుట్టుకూలి కింద విద్యా కానుకలో ఎనిమిదో తరగతి వరకు జతకు 40 రూపాయలు, తొమ్మిది, పది తరగతులకు జతకు 80 రూపాయలు ఇచ్చేవారు. అంటే మూడు జతలకు 120, లేదా 240. ఆ డబ్బు తర్వాత ఎప్పుడో తల్లి ఖాతాలో పడుతుంది. దర్జీకి మాత్రం ముందే ఇచ్చుకోవాలి. మా మండల కేంద్రంలో ఏ దర్జీ దగ్గరికి వెళ్ళినా ఒక్క ప్యాంటు కుట్టడానికే ప్రభుత్వం మూడు జతలకు ఇచ్చేదాని కంటే ఎక్కువ అడుగుతాడు, అందులో అతని తప్పూ లేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలు బడికి వెళ్ళే ఇంట్లో జూన్ నెలలో, ఇంకా వానలు పడక కూలి పనులు దొరకని రోజుల్లో, ఈ ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? రాదు. బట్ట అటక మీద ఉంటుంది, పిల్లవాడు పాత చొక్కాతో వస్తాడు, ప్రార్థనలో అతణ్ణి వరుసలోంచి బయటకు పిలుస్తారు.

ఆ పిలుపునే నేను తప్పంటున్నాను. పిల్లవాడు ఏ నియమాన్నీ ధిక్కరించలేదు. నియమాన్ని పాటించడానికి కావలసిన సరుకును పూర్తిగా ఇవ్వనిది మేము, నలుగురిలో నిలబడింది అతడు. విద్యాహక్కు చట్టం, 2009 లోని 17వ సెక్షను పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ రెండింటినీ నిషేధించింది. బెత్తం పట్టుకుంటే నేరమని మాకందరికీ ఇప్పుడు తెలుసు గాని, ఆరు వందల మంది ఎదుట ఒకణ్ణి పక్కకు నిలబెట్టడం కూడా ఆ సెక్షను కిందికే వస్తుందని స్టాఫ్ రూములో చెబితే ఇప్పటికీ కొందరు సహోద్యోగులు నవ్వుతారు. తల వెంట్రుకల విషయంలో ఇంకా దారుణాలు జరుగుతున్నాయి. మగపిల్లల జుట్టును ఉపాధ్యాయుడే కత్తెర పట్టి అడ్డదిడ్డంగా కత్తిరించాడన్న వార్త ఏటా ఏదో ఒక జిల్లా నుంచి పత్రికల్లో వస్తూనే ఉంది. అలా చేసేవారికి జుట్టు మీద అభ్యంతరం కన్నా పిల్లవాడి తలపొగరు దించాలన్న పట్టుదల ఎక్కువని నా అనుమానం.

ఆడపిల్లల దగ్గరకు వచ్చేసరికి ఖర్చు రూపాయల్లో ఉండదు. రెండు జడలు, మడిచి రిబ్బను కట్టాలి, చున్నీ రెండు భుజాల మీదా పిన్ను పెట్టాలి. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కాని ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల్లో కార్తీకం దాటాక సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. పత్తి ఏరడానికీ, మిరపకాయలు కోయడానికీ తల్లిదండ్రులు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతల కాలపు కూలి వలసకు, పోతారు, పిల్లలు అవ్వతాతల దగ్గర ఉంటారు. తెల్లవారి లేచి నీళ్ళు పట్టి, తమ్ముడికి అన్నం పెట్టి, అవ్వకు పొయ్యి రాజేసి, ఆ తర్వాత బడికి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లకు రెండు జడలు ఎవరు వేస్తారు? అవ్వకు చూపు ఆనదు. తన జడలు తాను వేసుకుని, పైకి మడిచి, సమానంగా రిబ్బను కట్టుకోవడానికి పట్టే సమయం ఆ పిల్ల నిద్రలోంచి తీయాల్సిందే. ఒకే జడతో వచ్చిందని గేటు దగ్గర ఆపిన రోజున మర్నాటి నుంచి ఆ పిల్ల ఆలస్యంగా రావడం మొదలుపెడుతుంది, తర్వాత అప్పుడప్పుడు మానేస్తుంది, డ్రాపౌట్ల జాబితా తయారు చేసేటప్పుడు మేము 'వలస' అని కారణం రాస్తాము. వలస నిజమే, కాని ఆ వలసకు మా రిబ్బను కూడా ఒక చేయి వేసింది.

మినహాయింపులు ఇస్తే నియమమే పోతుందని చెప్పేవారికి నా దగ్గర ఒక జవాబు ఉంది. నవంబరు వచ్చిందంటే మా బడిలో పదుల సంఖ్యలో మగపిల్లలు అయ్యప్ప మాల వేసుకుంటారు. నల్ల చొక్కా, నల్ల లుంగీ లేదా ప్యాంటు, మెడలో మాల, కాళ్ళకు చెప్పులు ఉండవు. మండల దీక్ష 41 రోజులు. ఆ 41 రోజులు వాళ్ళను యూనిఫాం ఏదని ఏ పీఈటీ అడగడు, అడగకూడదు కూడా. ఏ ప్రైవేటు బడిలోనో అడిగితే సాయంత్రానికి గేటు ముందు జనం చేరతారు. మా బడిలో అయితే నల్ల చొక్కాలు వచ్చినందువల్ల యూనిఫాం ఏమీ కూలిపోలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత అందరూ మళ్ళీ ఒకే రంగులోకి వస్తారు. విశ్వాసం కోసం ఒక మినహాయింపును ఇంత సహజంగా భరించగలిగిన బడి, పేదరికం కోసం అటువంటిదే ఇంకొకటి భరించలేదా? యూనిఫాం రంగులోనే స్కార్ఫ్ కట్టుకుని వచ్చే ముస్లిం ఆడపిల్లను చూసి ఎందుకు ఇబ్బంది పడాలి?

ఈ రెండో ప్రశ్న మాకు దూరపుది కాదు. బళ్ళారి, రాయచూరు మా మండలాలకు పక్కనే ఉన్నాయి. విద్యాసంస్థల్లో హిజాబ్‌కు, అంటే తలకు కట్టే స్కార్ఫ్‌కు, చోటు లేకుండా 2022 ఫిబ్రవరిలో కర్ణాటక ప్రభుత్వం ఇచ్చిన యూనిఫాం ఉత్తర్వు మీద జరిగిన గొడవంతా మా పిల్లల చుట్టాల ఇళ్ళలో జరిగింది. ఆ మార్చి 15న కర్ణాటక హైకోర్టు ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక తీర్పు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధాన్ని నిలబెట్టారు, జస్టిస్ సుధాంశు ధూలియా దాన్ని కొట్టివేశారు. రాజ్యాంగ చర్చ జోలికి పోయే శక్తి నాకు లేదు. కాని జస్టిస్ ధూలియా తన తీర్పులో ఆడపిల్ల చదువును అన్నిటికంటే ముందు పెట్టి ఆలోచించారు, ఈ ఆంక్ష వల్ల ఆ పిల్ల బతుకు బాగుపడుతోందా అని అడిగారు. ఉపాధ్యాయుడిగా నాకు అర్థమయ్యే భాష అది. యూనిఫాం పెట్టింది పిల్లలు బడికి వచ్చాక తేడా లేకుండా కూర్చోవడానికి. అసలు బడికే రాకుండా పోతే తేడా పోయిందని సంతోషించేవారెవరు?

యూనిఫాం విషయంలో తెలంగాణ ఒక అడుగు సరైన దిశలో వేసిందని చెప్పాలి. అక్కడ కుట్టే పనిని స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించి, కుట్టిన జతలనే పిల్లలకు ఇచ్చే ఏర్పాటు చేశారు. కొలతలు సరిపోలేదని, భుజాలు జారుతున్నాయని, ఆలస్యమైందని ఫిర్యాదులు లేకపోలేదు. అయినా, లూజు చొక్కా అనేది బడి తప్పుగా మిగులుతుంది గాని పిల్లవాడి తప్పుగా మారదు. కొలతలు ఏప్రిల్‌లో, బడి మూయకముందే తీసుకుంటే జూన్‌కు బట్టలు సిద్ధమవుతాయి. ఎదిగే వయసు కాబట్టి రెండు అంగుళాలు ఎక్కువ వేసుకోవాలన్న సంగతి మా ఊరి దర్జీలందరికీ తెలుసు.

ఇక ఫోను సంగతి. ఇక్కడ నా పక్షం ఇంకొంచెం కఠినంగా ఉంటుంది. తరగతి గదిలో ఫోను ఉండటానికి వీల్లేదు. రాత్రంతా ఆట ఆడి, పొద్దున లెక్కల క్లాసులో కళ్ళు తెరిచి నిద్రపోయే పిల్లలను చూస్తూ కూడా 'సాంకేతికత' గురించి ఉపన్యాసాలు ఇచ్చేవారితో నాకు పేచీ. కాని ఈ నిషేధం ఎక్కడి దాకా పనిచేస్తుందో తెలుసుకునే చేయాలి. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పరిశోధకులు 30 పాఠశాలల్లో 1,227 మంది విద్యార్థులను పరిశీలించి 2025లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, ఫోన్లను కట్టడి చేసిన బడుల్లోని పిల్లల మానసిక స్థితికీ, చేయని బడుల్లోని పిల్లల మానసిక స్థితికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. రోజు మొత్తంలో ఫోను మీద గడిపే సమయం మాత్రం పిల్లల నిద్రతో, చదువుతో, మనసుతో ముడిపడి ఉంది. నాకిది వింతగా తోచలేదు. మా పిల్లవాడు ఫోను పట్టుకునేది రాత్రి పది తర్వాత, మంచం మీద. పగలు ఏడు గంటలు దాన్ని లాక్కుని వాడి జీవితాన్ని బాగుచేశామని చెప్పుకోవడం మోసం. పాఠం జరిగే నలభై ఐదు నిమిషాలు పాఠానికే ఉండాలి అన్నంత వరకే ఈ నిబంధనకు అర్థం. అంతవరకు అది చాలా మంచి నిబంధన.

మరి ఆ నిబంధనకు పెద్దలు చెల్లించిన ఖర్చు ఏమిటో చూద్దాం. ఇంటింటికీ స్మార్ట్‌ఫోను ఎలా వచ్చిందో ముందు గుర్తు చేసుకోవాలి. గ్రామీణ భారతంలో బడి పిల్లలున్న ఇళ్ళలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2021 నాటికి 67.6 శాతం అని పల్లె పిల్లల చదువుల మీద జరిగే అసర్ సర్వే చెప్పింది. ఆ మూడేళ్ళ మధ్య కోవిడ్ వచ్చింది, బళ్ళు మూతపడ్డాయి, ఆన్‌లైన్ పాఠాలన్నారు. గొర్రెలమ్మి ఫోను కొన్న తండ్రులు నాకు తెలుసు. కొనమన్నది మేమే. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ కలిపి 5,18,740 ట్యాబ్‌లు పంచడం మొదలైంది. తొమ్మిది నెలలు తిరగకుండానే, 2023 ఆగస్టులో, యునెస్కో నివేదికను ఉటంకిస్తూ బడుల్లో సెల్‌ఫోన్లను నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. పిల్లలు అసలు తేకూడదు, ఉపాధ్యాయులు తరగతికి తీసుకుపోకుండా ప్రధానోపాధ్యాయుడి దగ్గర ఉంచాలి అన్నారు. ఉత్తర్వు సారం నాకు నచ్చింది. అయితే అంతకు ఏడాది ముందు, 2022 ఆగస్టులో, ఉపాధ్యాయులు తమ సొంత ఫోనులో ముఖ హాజరు యాప్ వేసుకుని ఉదయం తొమ్మిదిలోగా హాజరు వేయాలని ఆదేశించినదీ ఇదే వ్యవస్థ. మరుగుదొడ్డి ఫొటో ఒక యాప్‌లోకి, మధ్యాహ్న భోజనం లెక్క ఇంకొక దానిలోకి పంపించింది కూడా ఈ ఫోన్ల నుంచే. సిగ్నల్ కోసం వేపచెట్టు కింద ఫోను పైకెత్తి నిలబడ్డ ఉపాధ్యాయుణ్ణి చూస్తూ పిల్లలు ప్రార్థన చేసిన రోజులు అవి. అదే ఉపాధ్యాయుడు పది నిమిషాల తర్వాత వాళ్ళ సంచులు వెతికితే, వాళ్ళ కళ్ళలో కనిపించేది భయం కాదు.

ఫోనుతో పాఠశాల వ్యవస్థకు జరిగిన పెద్ద నష్టాలు కూడా పిల్లల చేతుల్లో జరిగినవి కావు. 2023 ఏప్రిల్ 3న తెలంగాణలో పదో తరగతి పరీక్షలు మొదలైన రోజునే తాండూరులో తెలుగు ప్రశ్నపత్రం కొద్ది నిమిషాల్లో వాట్సాప్‌లోకి వచ్చింది. దాన్ని ఫొటో తీసి పంపింది పరీక్ష కేంద్రంలో విధుల్లో ఉన్న పెద్ద మనిషే. అంతకు ముందు ఏడాది ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లోనూ ఇటువంటివే జరిగాయి. నిషేధం పెద్దల దగ్గర మొదలు కావాలని నేను అనేది నీతి కోసం కాదు, నష్టం ఎటునుంచి వచ్చిందో చూసి.

పిల్లలు ఫోను ఎందుకు తెస్తారో కూడా వేరువేరుగా చూడాలి. ఆట కోసం తెచ్చేవారు ఉన్నారు, రీల్స్ కోసం తెచ్చేవారు ఉన్నారు, వారి విషయంలో నాకు జాలి లేదు. కాని సుగ్గికి పోయిన తల్లి గుంటూరు దగ్గర ఏ మిరప చేలోనో మధ్యాహ్నం అన్నం తినే వేళ ఒక్కసారి ఫోను చేస్తుంది. సాయంత్రం ఆమె పనిలో ఉంటుంది, రాత్రికి గుడిసెలో ఛార్జింగు ఉండదు. ఆ ఒక్క పిలుపు కోసం పిల్ల ఫోను తెచ్చి సంచి అడుగున పెట్టుకుంటుంది. ఆర్టీసీ బస్సు తప్పితే పక్క ఊరి దాకా నడిచి వెళ్ళాల్సిన ఆడపిల్లలూ ఇందులో ఉన్నారు. బడికి ఫోను తేవద్దని వీళ్ళకు చెప్పే ముందు బడి ఏం చేయాలి? బడి తరఫున ఒక నంబరు ఉండాలి, మధ్యాహ్నం భోజన విరామంలో దాన్ని ఎవరో ఒకరు ఎత్తాలి, తల్లి పేరు చెబితే పిల్లను పిలిపించాలి. ఇది ఎంత చిన్న పనో అంత అరుదు. మా జిల్లాలో ఎన్ని హైస్కూళ్ళ ఆఫీసు గదిలో, హెచ్ఎం సొంత నంబరు కాకుండా, బడి నంబరంటూ ఒకటి ఉంది?

అన్నిటికంటే బరువైన ఖర్చు గురించి ఇంకా చెప్పలేదు. మగపిల్లవాడి సంచిలో ఫోను దొరికితే తండ్రిని పిలుస్తాము, ఆయన వచ్చి కొడుకును రెండు తిట్టి, మాకు దండం పెట్టి, ఫోను తీసుకుపోతాడు. ఆడపిల్ల సంచిలో దొరికినా అదే నిబంధన ప్రకారం తండ్రినే పిలుస్తాము. కాగితం మీద సమానత్వమే. ఇంటికి పోయాక అడిగే ప్రశ్న మాత్రం వేరు: ఎవరిచ్చారు, ఎవరితో మాట్లాడుతున్నావు? ఆ వారంలోనే ఆ పిల్ల బడి మానేస్తే, ఆ సంవత్సరంలోనే ఎక్కడో పెళ్ళి చేసి పంపితే, దానికి మా రిజిస్టరులో 'క్రమశిక్షణ చర్య' అన్న పదం కూడా ఉండదు, ఫోను తిరిగి ఇచ్చినట్టు సంతకం మాత్రం ఉంటుంది. 2024 అసర్ నివేదికలో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవారిని లెక్కలోకి తీసుకుంటే, సొంత ఫోను ఉన్నది మగపిల్లల్లో 36.2 శాతానికి, ఆడపిల్లల్లో 26.9 శాతానికే. అంటే ఆడపిల్ల చేతిలో కనిపించే ఫోను చాలాసార్లు ఆమెది కాదు, అన్నదో, మామదో, స్నేహితురాలిదో అయి ఉంటుంది. ఆ సంగతి తండ్రికి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఆడపిల్ల దగ్గర మొదటిసారి ఫోను దొరికితే ఇంటికి కబురు పంపకూడదని, ఒక మహిళా ఉపాధ్యాయురాలు ఆమెతో విడిగా మాట్లాడి, సాయంత్రం ఆమె చేతికే తిరిగి ఇవ్వాలని నేను గట్టిగా అంటాను. ఇది పక్షపాతమని స్టాఫ్ రూములో ఒకరు అన్నారు. శిక్ష సమానంగా లేనప్పుడు నిబంధనను సమానంగా అమలు చేయడమే పక్షపాతం.

పూర్తి నిషేధం కుదరదని చెప్పినవారిలో న్యాయస్థానాలూ ఉన్నాయి. ఒక కేంద్రీయ విద్యాలయ విద్యార్థి కేసులో ఢిల్లీ హైకోర్టు 2025 ఆరంభంలో, బడికి స్మార్ట్‌ఫోను తేవడాన్ని మొత్తంగా నిషేధించడం వాంఛనీయమూ కాదు, ఆచరణ సాధ్యమూ కాదని చెబుతూ, వీలున్న చోట పిల్లలు బడిలోకి రాగానే ఫోన్లను అప్పగించి సాయంత్రం తిరిగి తీసుకునే ఏర్పాటు ఉండాలని, తరగతి గదిలో మాత్రం వాడకూడదని మార్గదర్శకాలు ఇచ్చింది. ఏర్పాటు లేకుండా నిషేధం పెడితే ఏమవుతుందో న్యూయార్క్ నగరం చూపించింది. అక్కడి ప్రభుత్వ పాఠశాలల్లో 2015 దాకా ఫోన్లు తేవడమే నిషిద్ధం. గేటు దగ్గర మెటల్ డిటెక్టర్లు ఉన్న బడుల పిల్లలు రోజుకొక డాలరు ఇచ్చి, బయట ఆగి ఉండే వ్యానుల్లో ఫోన్లు దాచుకునేవారు. డిటెక్టర్లు లేని బడుల్లో పిల్లలు జేబులో పెట్టుకుని నిశ్శబ్దంగా లోపలికి పోయేవారు. డిటెక్టర్లు పెట్టింది ఎక్కువగా పేదల పేటల్లో. నిబంధన అందరికీ ఒక్కటే, డాలరు కొందరిదే. మా బడి ఎదుట బడ్డీ కొట్టులో కూడా కొన్ని ఫోన్లు ఉంటాయని, కొట్టువాడు డబ్బు అడగకపోయినా వాటిని దాచినందుకు పిల్లలు అతని దగ్గరే చిప్స్ కొనాల్సి వస్తుందని నాకు తెలుసు.

మా బడిలో తల్లిదండ్రుల కమిటీ ముందు పెట్టిన తీర్మానంలో నేను రాసిన అంశాలు ఇవే. ప్రతి తరగతికి అరలు ఉన్న ఒక చెక్క పెట్టె, ప్రతి అరకు ఒక బిళ్ళ. ఫోను స్విచాఫ్ చేసి అరలో పెట్టినవాడికి శిక్ష లేదు, ప్రశ్న లేదు. పెట్టకుండా తరగతిలో వాడితే ఆ వారానికి ఫోను ఆఫీసులో ఉంటుంది. ఉపాధ్యాయుల ఫోన్లకు కూడా స్టాఫ్ రూములో అదే పెట్టె, యాప్‌ల పని ఉన్న ఒక్కరికి తప్ప. హోంవర్కు వాట్సాప్‌లో పంపడం మానేసి డైరీలో రాయించాలి, ఎందుకంటే సాయంత్రం ఫోను ముట్టుకోవద్దని చెప్పే మేమే రాత్రి ఎనిమిదికి గ్రూపులో ప్రశ్నలు పంపుతున్నాము. యూనిఫాం విషయంలో, కుట్టుకూలి ఖాతాలో పడే దాకా పాత బట్టలతో వచ్చినా ఎవరినీ ప్రార్థనలో పిలవకూడదు. జడల నియమాన్ని 'తల దువ్వుకుని రావాలి' అనే వరకు తగ్గించాలి.

కమిటీలో తల్లులు దాదాపు అన్నిటికీ ఒప్పుకున్నారు, డైరీ విషయానికైతే చప్పట్లు కొట్టారు. చిక్కు ఒక్క దగ్గర వచ్చింది. పెట్టెలోంచి ఫోను పోతే బాధ్యత ఎవరిది అని హెచ్ఎం అడిగారు. పన్నెండు వేల ఫోను పోతే ఆయన జీతంలోంచి కట్టాలా, క్లాస్ టీచర్ కట్టాలా? ఆయన భయం అర్థం లేనిది కాదు. ఫోన్లను తీసి ఉంచాలని చెప్పే ఉత్తర్వులు ఉంచినవాటికి పూచీ ఎవరిదో చెప్పవు. నా జవాబు మొదటి నుంచీ ఒకటే: తీసుకున్నవారిదే పూచీ. ఏటా బడికి వచ్చే గ్రాంటులోంచి పెట్టెకు తాళం, రిజిస్టరు, పోతే కట్టడానికి ఒక చిన్న నిధి, ఈ మూడింటికీ ఖర్చు రాసుకునేందుకు విద్యాశాఖ ఒక లిఖితపూర్వక అనుమతి ఇస్తే చాలు. అనుమతి లేకపోతే పెట్టె వద్దని ఆయన అంటున్నారు, పెట్టె లేకపోతే సంచులు వెతకడం కూడా వద్దని నేను అంటున్నాను. తీర్మానంలో ఆ ఒక్క అంశం పక్కన మాత్రం ఇంకా సంతకాలు పడలేదు.